నొప్పి నిచ్చెన

పోయిన ఎండాకాలం మా నాయన నొప్పి ఎంతో కొలవడానికి అయిదు దేశాల వాళ్ళు కలిసి ఒక నిచ్చెన బొమ్మ గీశారు. కింది మెట్టు సున్న, పై మెట్టు పది. సున్న అంటే నొప్పి లేదు. పది అంటే ఇంతకు మించి ఓర్చుకోలేను. నాయన ఆ అట్టను తిప్పి చూసి, “ఈ నిచ్చెన గీసినోడు ఒక్క పొద్దన్నా గోడెక్కినోడు గాదు. ఇట్టా నిటారుగా ఆనిస్తే మనిషి ఎనక్కి పడిపోతాడు” అన్నాడట. గోడలు కట్టే బేల్దారి మేస్త్రీ కాబట్టి ఆయన కళ్ళు నిచ్చెన మీదికే పోయాయి. నొప్పి సంగతి వచ్చేసరికి మాత్రం నోరు పెగల్లేదు. ఆయన చేత ఒక్క నిజమైన అంకె చెప్పించడానికి నేను ఆ ఎండాకాలమంతా తిరిగాను.

మాది సత్యవేడు దగ్గర పల్లె. కొంచెం నడిస్తే తమిళనాడు. నాయన పేరు సుందరరాజు. క్యాన్సర్ వెన్నెముకలోకి పాకిన తర్వాత తిరుపతి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వాళ్ళు ఆ మాట మెత్తగానే చెప్పారు. మా అమ్మ తిరుమలమ్మ కూడా తల ఊపి వింది. బయటికి వచ్చాక ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, “ఇంటికి తీసకపోయి ఏం చేయాల్నో ఒగురూ చెప్పల్యా” అని నన్ను అడిగింది.

ఏం చేయాలో మంగళవారం బండి వచ్చాక తెలిసింది. అది ఏదో విదేశీ సంస్థ డబ్బుతో నడిచే చిన్న వ్యాను. రెండు వారాలకొకసారి మా ఊరికి వచ్చేది. అందులో జెస్సీ అనే నర్సు ఉండేది. ఆమె ఇచ్చే మార్ఫిన్ మాత్రలు వేసుకుంటే నాయన పక్క మీద అటు ఇటు తిరిగేవాడు, సంగటి కొంచెం తినేవాడు, ఎదురింటి కుక్కను కూడా పేరు పెట్టి పిలిచేవాడు. అయితే అది ఇంకా పరీక్షగా నడుస్తున్న పథకం. ఇచ్చే మాత్రలు వారం దాటి వచ్చేవి కావు. మిగతా రోజులు నాయన నోట్లో టవలు కుక్కుకునేవాడు. ఆ మాత్రలు సత్యవేడు మందుల షాపుల్లో దొరకవు. తిరుపతిలో ఇచ్చే చోటు ఉందిగానీ, మనిషిని తీసుకొచ్చి చూపించాలి. నడుం కింద చెయ్యి పెడితేనే ఒళ్ళు బిగదీసుకునే మనిషిని అంతదూరం ఎలా తీసుకెళ్తాం?

ఒక మంగళవారం జెస్సీ బండి ఎక్కుతూ నన్ను పక్కకు పిలిచింది.

“అమలా, ఈ బండి కత ఎండాకాలంతో తేలిపోతాది. అయిదు దేశాల్లో సర్వే చేస్తా ఉండారు. నొప్పి యాడ ఎక్కువుంటే ఆడికే బండ్లు. తక్కువున్న చోట తీసేస్తారు” అంది.

“మా నాయన నొప్పి కన్నా ఎక్కువ నొప్పి యాడుంటాది అక్కా?” అన్నాను.

“అదే. నిజం సెప్తే సాలు, మీకు బండి ఉంటాది.”

నిజం చెప్తే చాలు. ఇంతకన్నా సులభమైన పని ఉంటుందా అనుకున్నాను. ఆ సర్వేకు మనుషులు కావాలని తెలిసి, తిరుపతిలో లాడ్జి రిసెప్షన్ పని మానేసి అందులో చేరాను. 

మాకు పని నేర్పింది వేదవ్యాస్ సార్. నుదుట నిలువు నామం, భుజాన ల్యాప్‌టాప్ సంచి, మాట నెమ్మది. ఈ సర్వేకు మన ప్రాంతంలో ఆయనే బాధ్యుడు. ప్రశ్నను ఇంగ్లీషులోంచి తెలుగు చేయించి, ఆ తెలుగును అసలు ప్రశ్న చూడని ఇంకొకరి చేత మళ్ళీ ఇంగ్లీషు చేయించి, రెండూ సరిపోయాయా లేదా చూసుకున్నారట. ఒక్క మాట మార్చకూడదు, మనం తల ఊపకూడదు, అయ్యో అనకూడదు, ఎవరి సొంత ఊళ్ళో వాళ్ళు అడగకూడదు. మనిషిని ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగు వినని చోట నీడలో కూర్చోబెట్టి అడగాలి. అన్ని దేశాల్లోనూ ఇవే నియమాలు.

నాకు ఆ పద్ధతి నచ్చింది. మా నాయన నొప్పి గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించినవాళ్ళు ఇంకెవరున్నారు కనుక? ప్రశ్న కూడా బాగుంది. ‘గడిచిన వారంలో మీ నొప్పి ఎక్కువలో ఎక్కువ ఏ మెట్టు దాకా పోయింది?’ మా నాయనకు జవాబు వెతుక్కునే పనే లేదు.

మా ఊరికి శ్రీవేద వెళ్ళింది. తిరుపతి పిల్ల, మాడ వీధుల వైపు పుట్టి పెరిగింది. వాళ్ళ నాన్న ఏదో గుళ్ళో కైంకర్యం చేస్తాడు. నాతో పాటే చేరింది, నాతో బాగా కలిసిపోయింది. ఆరోజు నన్ను నాగలాపురం వైపు పల్లెలకు పంపారు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి శ్రీవేద మా ఊరి బస్టాపులో కూర్చుని ముంజెలు తింటోంది. నా చేతిలో కూడా రెండు పెట్టింది.

“మీ ఊరివాళ్ళు ఎంత మంచివాళ్ళు అమలా! వచ్చిన ప్రతి ఒక్కరూ తిన్నావా అని అడిగేవాళ్ళే. మీ నాన్నగారైతే నా చెప్పులు ఎండలో ఉన్నాయని నీడలో పెట్టించారు.”

“ఏం సెప్పినారు మా వాళ్ళు?”

“చెప్పకూడదు కదా” అని నవ్వింది. “నువ్వు మరీ భయపడొద్దులే. నేను అనుకున్నంత కష్టంగా ఎవరూ లేరు.”

చేతిలో ముంజె అలాగే ఉండిపోయింది. “యాడ కూర్చోబెట్టి అడిగినావు?” అన్నాను.

“మీ ప్రార్థన మందిరంలో. పాస్టరు దయానంద్ గారే తెరిచి ఇచ్చారు. చల్లగా ఉంది, ఒక్క మనిషి అలికిడి లేదు. ఎక్కడా ఇంత మంచి చోటు దొరకలేదు.”

బస్సు వచ్చింది, ఆమె ఎక్కి చెయ్యి ఊపింది. నేను ఇంటికి నడుస్తుంటే మునిరత్నమ్మత్త ఎదురుపడింది. ఆమెకు రొమ్ములో క్యాన్సరు. పుండు పడి, కట్టు మార్చేటప్పుడు వీధి చివరకు వినబడేలా ఏడుస్తుంది.

“అత్తా, ఎంత సెప్పినావు?” అన్నాను నేరుగా.

“రెండు” అంది పెద్ద పని చక్కబెట్టినట్టు. “ఆడ కూసోని నొప్పి నొప్పి అంటే బాగుంటాదా? మీ నాయన ఒకటే అన్నాడంట గదా. పెద్దమనిషి, ఎంతైనా.”

ఎవరూ వినకూడదని అంత పకడ్బందీగా అడిగిన అంకెలు అప్పటికే ఊరంతా తిరుగుతున్నాయి. ఎవరు తక్కువ చెప్తే వాళ్ళు గొప్ప.

ఇంటికి పోయేసరికి నాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మందిరం దాకా నలుగురు కుర్చీలో మోసుకుపోయి తెచ్చారట. ఆ కుదుపుకు ఒళ్ళంతా చెమట. టవలు మూల తడిసి ఉంది, పళ్ళ గుర్తులు కనబడుతున్నాయి.

“ఒకటి అన్నావా నాయనా?”

“సున్న అంటే అబద్దమైపోతాది గదా పాపా” అన్నాడు.

నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. నాయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకని సున్న చెప్పకుండా ఒకటి చెప్పాడు. మూలనున్న అమ్మ, “మూడు దినాలుగా కన్ను మూయల్యా, ఆ మాట సెప్పేదానికి ఏమొచ్చిందయ్యా నీకు?” అంది.

“సుమ్మా ఉండు మే” అని అమ్మను ఆపి, నాయన నా వైపు తల తిప్పాడు. “ఆ గోడలు నేను కట్టినవి. ఆదివారం ఆదివారం అదే తావున నిలబడి దేవుడు నాకు ఈ మేలు చేసినాడు, ఆ మేలు చేసినాడు అని సాక్ష్యం సెప్పినోణ్ణి. సంగం పెద్దని. అదే తావున కూసోబెట్టి, ఎంత నొప్పయ్యా అంటే పది అని సెప్పాల్నా? దేవుని ఇంట్లో కూసోని దేవుని మీదనే కంప్లైంటు ఇచ్చినట్టు గాదా?”

మా సంఘంలో సాక్ష్యం అంటే ఏమిటో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మొగుడు కొట్టినా, మేక చచ్చినా, జ్వరంతో కాళ్ళు తేలిపోతున్నా, అక్కడ లేచి నిలబడితే కృతజ్ఞతే చెప్తారు. ఏడ్చినా కృతజ్ఞతతోనే ఏడుస్తారు. ఆ గదిలో ఇంకో రకం మాట ఎవరి నోటా నేను వినలేదు. అయిదు దేశాల వాళ్ళు ప్రతి మాటా తూచి రాసి, తీసుకొచ్చి ఆ గదిలో అడిగారు.

మరునాడు మొదటి బస్సుకే తిరుపతి పోయాను. ఆఫీసు ఒక మేడ మీది గది. వేదవ్యాస్ సార్ నా మాట చివరిదాకా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“మా ఇంట్లో మా తాతగారు యతిరాజులు ఉన్నారు” అన్నాడు. “మోకాళ్ళు రెండూ పోయినాయి. పూజగదిలో తిరువారాధన చేసేటప్పుడు ఎట్లున్నారు తాతా అంటే ‘స్వామి దయ’ అంటారు. అదే మనిషి వంటింటి గడప దగ్గరికి వచ్చి, మోకాళ్ళకు నూనె కాచలేదని మా నాయనమ్మ మీద కేకలేస్తారు.”

“తెలిసి తెలిసి గుళ్ళో అడిగినట్టయింది గదా సార్.”

“తెలిసే ఉండాల్సింది. తట్టలేదు. మనం ముందుగా అడిగి చూసింది ఆస్పత్రి వార్డులో. అక్కడ ఎవరికీ మొహమాటం లేదు, అందరూ ఎనిమిది తొమ్మిది అన్నారు. ప్రశ్న బాగా పని చేస్తా ఉందని రాసేసినాను.” 

పక్క టేబుల్ దగ్గర శ్రీవేద తల వంచుకుని కూర్చుంది. ఆమె తప్పేమీ లేదు. అయినా ఆ రోజు నేను ఆమె వైపు చూడలేదు.

సార్ కంప్యూటర్‌లో ఫోన్ కలిపాడు. ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒక పెద్దావిడ తెర మీదికి వచ్చింది. ఒంటి మీద స్వెట్టరు, చేతిలో కాఫీ కప్పు. అయిదు దేశాల లెక్కలూ చూసేది ఆమే. సార్ ఇంగ్లీషులో చెప్తుంటే శ్రద్ధగా రాసుకుంది. నన్ను కూడా రెండు ప్రశ్నలు అడిగింది, రెండూ తెలివైనవే. ఆమెను తిట్టుకుందామని వెళ్ళాను, తిట్టుకునే వీలు దొరకలేదు.

ఆమె చెప్పింది సార్ నాకు విడమరిచాడు. ఒక్క దేశం కోసం పద్ధతి మారిస్తే మిగతా వాటితో పోల్చడానికి ఉండదట. ప్రతి దేశం వాళ్ళూ తమ జనం గురించి ఏదో ఒక కారణం చెప్తున్నారట. కానీ ఆమె మమ్మల్ని వట్టి చేతులతో పంపలేదు. మా ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో ఇంటి దగ్గరే మళ్ళీ అడగొచ్చంది. అడిగేముందు ఒక చిన్న కథ చెప్పాలి.

“కథ ఎందుకు సార్?”

“అందులో ఒక మనిషికి నొప్పి ఉంటుంది. ఆ మనిషి నొప్పి ఏ మెట్టు అని మీవాళ్ళను అడుగుతాం. ఘోరమైన నొప్పికి కూడా మీవాళ్ళు రెండో మూడో అన్నారనుకో, మీ ఊళ్ళో అంకెలు తక్కువ పలుకుతాయని తెలిసిపోతుంది. అప్పుడు మీ నాన్న చెప్పిన ఒకటిని ఒకటిగా తీసుకోరు. ఇంకో దేశంలో జనం నోరు తెరిస్తే పదే అంటున్నారు. వాళ్ళకు నొప్పి ఎక్కువో, చెప్పే అలవాటు ఎక్కువో ఇట్లాగే తేలుతుంది.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. బస్సులో తిరిగి వస్తుంటే పుత్తూరు దగ్గర మామిడికాయల లారీల వెనక గంటకు పైగా ఆగిపోయాం. నాకు విసుగు కూడా రాలేదు. ఇంటి దగ్గర, ఆయన మంచం మీద, ఆయన నొప్పి పక్కనే కూర్చుని అడిగితే నాయన ఏం చెప్తాడో నాకు తెలుసు. ఆ ఎండాకాలంలో నేను సంతోషంగా ఉన్నది ఆ బస్సులోనే.

జవాబులు ముందే చెప్పిపెట్టకూడదన్నది నియమం. అయినా నేను ఆగలేదు.

“నాయనా, ఈసారి మందిరం గాదు. మన ఇల్లే. ఎవురి మీదా కంప్లైంటు గాదు. ఉండేది ఉన్నట్టు సెప్పు. బండి నిలబడేది నీ మాట మీదనే” అన్నాను.

“సరే పాపా” అన్నాడు.

“సరే అంటే?”

“ఉండేదే సెప్తా.”

“ఒట్టా?”

“ఒట్టు పెట్టకూడదు, బైబిల్లో ఉండాది” అని నవ్వబోయి నడుం పట్టుకున్నాడు.

శ్రీవేద వచ్చిన రోజు నిప్పులు కురుస్తున్నాయి. ఆటో దొరక్క రోడ్డు నుంచి నడిచి వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయింది, చున్నీ తడిసి ఒంటికి అంటుకుంది. నాయనకు అంతకు ముందు రాత్రి నుంచీ మాత్ర లేదు. పొద్దున అమ్మ ఒళ్ళు తుడవబోతే ఆమె చెయ్యి మీద గోళ్ళు దిగేలా పట్టుకున్నాడు. నా మనసులో ఒక పాపిష్టి ఆలోచన వచ్చింది, ఈరోజే రావడం మంచిదైంది అని.

నేను ఇంట్లో ఉండకూడదు కాబట్టి అమ్మతో కలిసి పెరట్లోకి పోయాను. మధ్యలో కిటికీ ఉంది. అమ్మ అంట్లు ముందేసుకుంది కానీ తోమలేదు. లోపల నాయన గొంతు వినబడుతోంది.

“ఎండలో నడిచి వచ్చినావా తల్లీ? ఆ కుండలో నీళ్ళు ముంచుకోని తాగు. ముందర కూసో. ఫ్యాను కిందకి జరుగు.”

“పర్లేదు అంకుల్.”

“తిన్నావా?”

“తిన్నాను అంకుల్.” తినలేదని ఆ గొంతు వింటేనే తెలుస్తోంది.

శ్రీవేద కథ చదివింది. ఒక్క మాట తప్పు పోకుండా చదివింది. నరసింహులు అని ఒక మనిషి. అరవై ఏళ్ళు. నొప్పితో రాత్రంతా నిద్ర పట్టదు. పక్క మీద అటు ఇటు తిరగలేడు. ఎవరైనా తాకితే ఓర్చుకోలేడు. తినాలనిపించదు. ఆ నరసింహులు నొప్పి ఏ మెట్టు?

“ఇది మన కతే గదే” అంది అమ్మ నా చెవిలో.

“అయ్యో పాపం” అన్నాడు నాయన. “పది తల్లీ. పదికి పైన మెట్టుంటే ఆ మెట్టు. ఆయనకి ఎవురన్నా మాత్రలు ఇస్తా ఉండారా? బండి పోతాదా ఆ ఊరికి?”

“ఇది… కథ అంకుల్.”

“కతైతే మాత్రం. మనిషే గదా.”

కాగితం తిప్పిన చప్పుడైంది. తర్వాత శ్రీవేద అసలు ప్రశ్న అడిగింది. గడిచిన వారంలో మీ నొప్పి ఎక్కువలో ఎక్కువ ఏ మెట్టు దాకా పోయింది? నేను కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. పది అను నాయనా, తొమ్మిది అను, కనీసం ఏడను అని లోపల్లోపల వేడుకున్నాను. మంచం కిర్రుమంది. ఆయన కొంచెం లేచి కూర్చోవడానికి చూస్తున్నట్టున్నాడు.

“రెండు” అన్నాడు.

అమ్మ చేతిలోని గిన్నె నీళ్ళల్లోకి జారింది. అడిగిన మాట మళ్ళీ అడగడానికి నియమాలు ఒప్పవు. శ్రీవేద ఆగింది. చాలాసేపే ఆగింది, పాపం. ఆ తర్వాత రాసుకుంది. వెళ్ళేటప్పుడు పెరటి వైపు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి నేను లోపలికి పోయాను.

నాయన మీద నేను ఎప్పుడూ గొంతు లేపలేదు. ఆరోజు లేపాను.

“మాట ఇచ్చినావు గదా నాయనా! ఎవురో తెలీని నరసింహులుకు పది, నీకు రెండా? దేవుడు ల్యాడే ఈడ, నీ మంచమే గదా ఇది!”

“ఆ బిడ్డ మొగం సూసినావా?” అన్నాడు, ఊపిరి అందక ఒక్కో మాటా విడదీసి. “ఎండకు కందిపోయి, అన్నం గూడా తినకుండా వచ్చింది. మన ఇంటికొచ్చిన ఆడబిడ్డ. నా పది తీసి ఆ బిడ్డ నెత్తిన పెట్టి పంపిచ్చాల్నా? ఇంటికి పోయి నిద్ర పోతాదా?”

“ఆమెకు కావాల్సింది అదే! అందుకే వచ్చింది!”

“నాకు నోరు రాల్యా పాపా. నిజంగానే సెప్దామనుకున్యా.” కళ్ళు మూసుకున్నాడు. “నీ మాట కోసరం ఒగటి పెంచినా గదా.”

నేను మంచం కోడు మీద తల పెట్టి ఏడ్చాను. చెయ్యి లేపి నా తల నిమరడానికి చూశాడు, చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. మందిరంలో అడగడమే తప్పు, చోటు మారిస్తే సరిపోతుంది అనుకున్నాను. ఏ చోటికి మార్చాలి? ఎదుటి మనిషి ఉన్న ప్రతి చోటా ఆయన ముందు ఎదుటి మనిషినే చూసుకుంటాడు. ఆయనను అలా పెంచారు. మమ్మల్నీ అలాగే పెంచాడు.

మునిరత్నమ్మత్త ఇంట్లో కూడా అంతే జరిగింది. నరసింహులు మాట వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని పది అందట. తనకు మూడు. అడిగిన ప్రతి ఇంట్లో నరసింహులుకు పదే.

తొలకరి ఒక జల్లు పడి ఆగిపోయిన రోజుల్లో వేదవ్యాస్ సార్ ఫోన్ చేశాడు.

“అమలా, జవాబు వచ్చింది” అన్నాడు. “నరసింహులుకు పది ఇచ్చినారు కాబట్టి, మీవాళ్ళకు నిచ్చెన బాగానే అర్థమైందని తేల్చినారు. అర్థమై కూడా తమకు ఒకటీ రెండూ అన్నారంటే నొప్పి నిజంగానే తక్కువని. మొదటి జవాబుల మీద కొంచెం అనుమానం ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.”

“మనం రెండోసారి అడక్కుండా ఉంటే?”

“అప్పుడూ బండి పోయేదేమో. ఇంత గట్టిగా మాత్రం పోయేది కాదు.”

“ఇంకోసారి రాయండి సార్.”

“రాసినాను. చాలాసార్లు రాసినాను అమ్మా. ఏమని రాసినా, మీవాళ్ళు చెప్పినదాన్ని కాదని నేను చెప్పేదే అవుతా ఉంది.”

బండి పది చెప్పినవాళ్ళ దేశానికి పోతుందని చెప్పాడు. వాళ్ళను తిట్టుకోవాలని చూశాను. అక్కడా ఎవరో ఒక పిల్ల ఇలాగే పెరటి కిటికీ పట్టుకుని నిలబడి ఉంటుంది. వాళ్ళ నాయన పది అన్నాడు, అంతే.

చివరి మంగళవారం జెస్సీ తన దగ్గర మిగిలిన మాత్రల్లో ఇవ్వడానికి వీలున్నవన్నీ అమ్మ చేతిలో పెట్టింది. ఆమె ఏడుస్తుంటే నాయనే సముదాయించాడు.

“నువ్వు బాదపడాకమ్మా. ఈ బండి యాడ కావాల్నో ఆడికే పోనీ. మాకంటే కష్టంగా ఉండేటోళ్ళు ఎంతమందో.”

“అంకుల్, మీరు ఒక్క మాట గట్టిగా సెప్పింటే…” అని జెస్సీ ఆగిపోయింది. ఇప్పుడు ఆ మాట అని లాభం లేదని ఆమెకూ తెలుసు.

తిరుపతికి తీసుకుపోదామని ఒకసారి ప్రయత్నించాం. ఆటోలో పరుపు వేసి పడుకోబెట్టాం. ఊరు దాటకముందే రోడ్డు మీది గుంటలో చక్రం పడింది. నాయన స్పృహ తప్పాడు. ఆటో అతను తనంతట తానే వెనక్కి తిప్పాడు. మళ్ళీ ప్రయత్నించే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. నేను ఒక్కదాన్నే కాగితాలు పట్టుకుని తిరుపతి పోయాను. మనిషిని చూడకుండా ఆ మాత్రలు ఇవ్వడానికి వీల్లేదన్నారు. వాళ్ళూ మర్యాదగానే చెప్పారు.

మాత్రలు సగం చేసి ఇచ్చాం, తర్వాత ఆ సగాన్నీ సగం చేశాం. ఒకరోజు అవీ అయిపోయాయి. ఆ తర్వాత టవలుతో ఆగే నొప్పి కాదది. పాస్టరు గారు, సంఘం వాళ్ళు వచ్చి మంచం చుట్టూ నిలబడి పాట పాడితే నాయన పెదాలు కలిపేవాడు. వాళ్ళు ఎలా ఉంది అన్నా అని అడిగితే, “దేవుని కృప” అనేవాడు. వాళ్ళు ఆయన ఓర్పును మెచ్చుకుంటూ వెళ్ళేవాళ్ళు. నేను లాడ్జి పనికి తిరిగి పోలేదు. అమ్మా నేనూ వంతులు వేసుకుని ఆయన పక్కన కూర్చునేవాళ్ళం.

మా వీధి ఇరుకు. ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్ళ మాటలు మా ఇంట్లో వాళ్ళ మాటల్లాగే వినబడతాయి. మధ్యాహ్నం అయ్యేసరికి అక్కడ నలుగురైదుగురు చేరతారు. నొప్పి లేవబోతోందని నాయనకు ముందే తెలిసేది. వేళ్ళతో నా చెయ్యి వెతుక్కుని పట్టుకునేవాడు.

“తలుపేసినారా పాపా?”

“ఏసినాం నాయనా.”

“కిటికీ?”

“అదీ ఏసినాం.”

అప్పుడు అరిచేవాడు.